గుల్జార్ హౌజ్ నోరు ఎందుకు పూడింది

కారు ముందద్దం మీదికి నీళ్ళు చిమ్మే నాజిల్ పూడుకుపోతే మెకానిక్ మొదట గుండుసూది తీస్తాడు. సన్నటి రంధ్రంలో దాన్ని పెట్టి కెలికితే తెల్లటి పొడి రాలుతుంది, ధార మళ్ళీ లేస్తుంది, పని అయిపోయిందనుకుంటాం. కొన్నాళ్ళకు మళ్ళీ అదే తంతు. పూడిక కనిపించేది రంధ్రం దగ్గరే అయినా అది పుట్టేది వెనకాల. బానెట్ కింది ట్యాంకులో పోసిన బోరునీళ్ళలో పుడుతుంది, ఆ నీళ్ళు కదలకుండా నిలిచిపోయిన రోజుల్లో పుడుతుంది, ఎండకు కాగిన బానెట్ మీద నాజిల్ మొనన ఆరిపోయిన చివరి చుక్కలో పుడుతుంది. చుక్క ఆరిన ప్రతిసారీ తనలోని సున్నాన్ని అక్కడే వదిలిపోతుంది. రోజూ వాడే నాజిల్ అరుదుగా పూడుతుంది; నెలల తరబడి ఎవరూ ముట్టని నాజిల్ తొందరగా పూడుతుంది. పూడిక వల్ల ధార ఆగిందని అనుకుంటాం గానీ చాలాసార్లు వరస తలకిందులుగా ఉంటుంది: ముందు ధార ఆగుతుంది, ఆ తర్వాత పూడిక చేరుతుంది. ఈ చిన్న సంగతిని పట్టుకుని హైదరాబాద్ పాతబస్తీలోని ఒక పెద్ద ఫౌంటెన్ చరిత్రను చదవవచ్చునని నా వాదన. లాడ్ బజార్ మొదట్లో నిలబడితే కూతవేటు దూరంలో ఉండే గుల్జార్ హౌజ్ ఎన్నోసార్లు ఆగింది, బాగుపడింది, మళ్ళీ ఆగింది. దాని నోరు పూడ్చింది మొదట సున్నమూ కాదు, దుమ్మూ కాదు. ఆ నీటితో రోజూ పని ఉన్న మనిషి లేకుండా పోవడమే దాన్ని పూడ్చింది.

లాడ్ బజార్‌ను గాజుల వీధిగా అందరూ ఎరుగుదురు. లక్కను బొగ్గుల మీద కరిగించి, వంచి, అద్దాలూ రాళ్ళూ పొదిగే ఆ పనితనానికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గాజుల మెరుపులో పడి ఆ వీధికున్న మరో లక్షణాన్ని మనం గమనించం. దాని చుట్టూ అన్నీ నీళ్ళ కట్టడాలే. తూర్పు కొసన చార్మినార్ కింద, నాలుగు కమానుల నడుమ, వజూ కోసం, అంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి, కట్టిన చిన్న నీటితొట్టి, అందులో ఒక చిన్న ఫౌంటెన్. అక్కడినుంచి ఉత్తరంగా నడిస్తే చార్ కమాన్ మధ్యలో గుల్జార్ హౌజ్. దక్షిణంగా తిరిగితే మక్కా మసీదు ప్రాంగణంలో పెద్ద హౌజ్. వీధి పడమటి కొస మెహబూబ్ చౌక్‌కు చేరి, ఖిల్వత్ వైపు మళ్ళితే చౌమహల్లా ప్యాలెస్ ముంగిట్లో కొలను, దాని ఫవారాలు. ఇవన్నీ ఒకే రాతినేల మీద ఉన్నాయి, ఒకే ఎండకు ఎండుతున్నాయి, ఒకే దుమ్ము పీలుస్తున్నాయి. అయినా వాటి తలరాతలు ఒకటి కావు. మసీదు హౌజ్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది. చౌమహల్లా కొలను సందర్శకుల కోసం కళకళలాడుతుంది. గుల్జార్ హౌజ్ మాత్రం పదేపదే మూగబోతుంది. కారణం నీళ్ళే అయితే, నేలే అయితే, ఇన్ని తేడాలు ఉండకూడదు. చరిత్రకారుడికి ఇంత దగ్గర దగ్గరగా, ఇంత పోల్చదగ్గ సాక్ష్యం అరుదుగా దొరుకుతుంది.

మొదటినుంచి చూద్దాం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరానికి పునాది వేసినప్పుడు, ఆయన పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్త్రాబాదీ గీసిన పథకంలో చార్మినార్ నడిబొడ్డు. దానికి ఉత్తరాన జిలూఖానా అనే విశాలమైన మైదానం, దాని నాలుగు వైపులా నాలుగు కమానులు: ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. పడమటి కమాను దాటితే రాజభవనాలు. ఆ మైదానానికి సరిగ్గా మధ్యలో, నాలుగు దిక్కులకూ సమదూరంలో ఉన్న జలాశయమే చార్‌సూకా హౌజ్. కాలక్రమంలో సూకా హౌజ్ అయి, చివరికి గుల్జార్ హౌజ్‌గా స్థిరపడింది. ఆ కాలంలో పంపులు లేవు. ధార ఎంత ఎత్తుకు లేవాలో, నీళ్ళు అంతకన్నా ఎత్తునుంచి దిగాలి. కనుక నీటిని ముందు పైకెక్కించాలి. 1660లలో ఈ నగరాన్ని చూసిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, చార్మినార్ పై అంతస్తులు నీళ్ళను ఎక్కించి రాజభవనంలోని ఎత్తైన గదులకు అందించడానికి ఉపయోగపడుతున్నాయని రాశాడు. మనం ఇప్పుడు స్మారకంగా మాత్రమే చూసే కట్టడాన్ని ఆయన నీళ్ళ ఏర్పాటులో ఒక భాగంగా చూశాడు. భవనాల కప్పుల మీద పెద్దపెద్ద చెట్లతో తోటలున్నాయని అదే కాలపు మరో యాత్రికుడు తవెర్నియే ఆశ్చర్యపోయాడు. కప్పు మీద చెట్టు బతకాలంటే నీళ్ళు రోజూ ఎక్కాలి. గోల్కొండ కోటలో ఈ ఏర్పాటు ఆనవాళ్ళు ఇంకా కంటికి కనిపిస్తాయి: కిందినుంచి పైకి ఒకదాని తర్వాత ఒకటిగా కట్టిన తొట్లు, వాటిలోకి నీళ్ళు తోడిన రాట్నాల స్థానాలు, గోడల్లో సున్నంతో పొదిగిన కాల్చిన మట్టిగొట్టాలు.

ఈ మట్టిగొట్టాల కాలపు దక్కన్ ఇంజనీర్లకు పూడిక సంగతి బాగా తెలుసు. తెలుసునని చెప్పడానికి వాళ్ళు రాసిన పుస్తకాలు అక్కర్లేదు, కట్టిన కట్టడాలే చాలు. బీజాపూర్‌లో నీటిగొట్టాల దారి పొడుగునా గంజ్‌లని పిలిచే రాతి బురుజులు ఉన్నాయి. నీరు ఆ బురుజులోకి చేరి, తనలోని మట్టిని అడుగున దించి, గొట్టంలో చిక్కిన గాలిని వదిలి, ఒత్తిడి తగ్గించుకుని ముందుకు సాగుతుంది. బీదర్‌లో బహమనీల కాలపు కరేజ్ సొరంగానికి దారి పొడుగునా పైకి తెరుచుకునే బావులు ఉన్నాయి. మనిషి వాటిలోంచి దిగి పూడిక తీయడానికి వీలుగా కట్టారు. ఔరంగాబాద్‌లో మలిక్ అంబర్ 17వ శతాబ్దపు తొలి దశకాల్లో తవ్వించిన నహర్ అనే నీటికాలువలోనూ ఈ ఆలోచనే ఉంది. గోల్కొండ మెట్ల వరసలోని ప్రతి తొట్టీ నీటిని ఎక్కించే మజిలీయే కాదు, మట్టి దిగే మజిలీ కూడా. వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక సూత్రం బయటపడుతుంది. పూడిక రాకుండా చేయలేమని వాళ్ళు ముందే ఒప్పుకున్నారు. అది సన్నటి నోటి దాకా వెళ్ళకుండా, మనిషి చెయ్యి అందే చోట పేరుకునేలా కట్టారు. రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. ఆ ఫవారాల్లో నీరు ఒకసారి చిమ్మి వెళ్ళిపోయేది. హౌజ్ నిండి, అంచు దాటి, కాలువల్లోకి, తోటల్లోకి పోయేది. లేచిన నీరే మళ్ళీ లేవడం అప్పుడు లేదు.

1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ ఔరంగజేబు వశమైంది. కుతుబ్‌షాహీ భవనాలు దోపిడీకి, నిర్లక్ష్యానికి గురై ఒక్కొక్కటే నేలమట్టమయ్యాయి. ఆసఫ్‌జాహీల కాలం మొదలయ్యాక కూడా దక్కన్ రాజధాని చాలాకాలం ఔరంగాబాదే. 1763లో నిజాం అలీఖాన్ దాన్ని హైదరాబాద్‌కు మార్చాడు. అంటే డెబ్బై ఆరేళ్ళ పాటు జిలూఖానా ముందు రాజు లేడు, రాజభవనం లేదు, ఆ భవనానికి నీరు ఎక్కించే అవసరమూ లేదు. రాజధాని తిరిగి వచ్చినప్పుడు కొత్త పాలకులు తమ భవనాలను చౌమహల్లా వైపు కట్టుకున్నారు, ఫవారాలనూ అక్కడే పెట్టుకున్నారు. పాత మైదానంలోకి దుకాణాలు, ఇళ్ళు మెల్లగా జరిగి వచ్చాయి. హౌజ్ మైదానం నడుమ ఉండాల్సింది, రోడ్డు నడుమ మిగిలిపోయింది. యుద్ధంలో గొట్టాలు పగిలి ఉంటాయి, అందుకే ఆగిపోయింది, ఇందులో ఇంత ఆలోచించాల్సిందేముంది అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, యుద్ధం గొట్టాలను వదలదు. కానీ ఆ యుద్ధమే మక్కా మసీదును ఏం చేసిందో చూడండి. మహమ్మద్ కుతుబ్‌షా కాలంలో, 17వ శతాబ్దం రెండో దశకంలో మొదలైన ఆ కట్టడం గోల్కొండ పడేనాటికి ఇంకా పూర్తి కాలేదు. దాన్ని 1694లో పూర్తి చేయించింది ఆ రాజ్యాన్ని ఓడించిన ఔరంగజేబే. ఒకే విజేత, ఒకే ఊరు, పక్కపక్కనే ఉన్న రెండు హౌజ్‌లు. నమాజుకు వచ్చేవాళ్ళకు రోజుకు ఐదుసార్లు నీళ్ళు కావాలి గనక ఒకటి బతికింది. రెండోదానికి నీళ్ళు కావాల్సినవాళ్ళు ఊరు విడిచి వెళ్ళారు.

ఇది హైదరాబాద్‌కే పరిమితమైన కాకతాళీయం కాదని చెప్పడానికి ఔరంగాబాద్ పన్‌చక్కీ ఉంది. ఊరి బయటి కొండల్లోని ఊటనుంచి మట్టిగొట్టాల్లో కిలోమీటర్ల దూరం వచ్చే నీరు, బాబా షా ముసాఫిర్ దర్గా దగ్గర ఎత్తునుంచి పడి తిరగలిని తిప్పుతుంది. అక్కడా ఫవారాలున్నాయి, అక్కడా ఎండే, అక్కడా దక్కన్ రాయే. కానీ ఆ తిరగలి దర్గాకు వచ్చే ఫకీర్లకు, యాత్రికులకు పిండి విసిరేది. నీరు ఒక్కరోజు తగ్గితే రొట్టె తగ్గుతుంది. అప్పుడు గొట్టం ఎక్కడ పూడిందో వెతకడానికి ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు, ఆకలి చాలు. ఫవారా ఆ నీటి పక్కన ఉచితంగా బతికింది. మక్కా మసీదు హౌజ్‌ను వజూ కాపాడింది, పన్‌చక్కీని పిండి కాపాడింది. గుల్జార్ హౌజ్‌ను కాపాడాల్సిన రాజభవనం పోయాక, దాని స్థానంలోకి మరో అవసరం రాలేదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. ఇదంతా చరిత్ర పేరుతో చెప్పే కథ, అసలు కారణం రసాయనం అనేవాళ్ళుంటారు. హైదరాబాద్ గ్రానైటు నేల. బోరునీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీరు ఆరినచోట కాల్షియం కార్బొనేట్ పొలుసు కడుతుంది. పొలుసు కట్టినచోట ధార వంకర పోయి, సన్నబడి, ఆగిపోతుంది. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ఇంకా ఒక మాట నేనే కలుపుతాను: ఇప్పటి ఫౌంటెన్లలో ఈ చిక్కు పాతవాటికన్నా ఎక్కువ. ఎందుకంటే ఇప్పుడు పంపు తొట్టిలోని నీటినే మళ్ళీ మళ్ళీ పైకి చిమ్ముతుంది. ఎండకు ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణం తొట్టిలోనే ఉంటుంది. తగ్గిన నీటికి బదులు మళ్ళీ బోరునీళ్ళు పోస్తే కొత్త లవణం పాతదానికి తోడవుతుంది. తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి కడగకపోతే వారం వారం నీటి కఠినత్వం పెరుగుతూనే ఉంటుంది. దానికి రోడ్డు దుమ్ము, పూలరెక్కలు, పాలిథిన్ ముక్కలు కలిస్తే పంపు వాటన్నిటినీ నాజిల్ నోటికే తెచ్చి పెడుతుంది. అయితే రసాయనం ఒక నాజిల్ ఎలా పూడుతుందో చెబుతుంది. పూడిన నాజిల్ అలాగే ఎందుకు ఉండిపోయిందో చెప్పదు. మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్‌లో 1615 ప్రాంతంలో తవ్విన ఖూనీ భండారా సొరంగపు గోడలనిండా సున్నపుపొర కట్టి ఉంటుంది, అయినా అందులో నీరు నేటికీ పారుతూనే ఉంది. పారే నీటికి సున్నం అంతగా అడ్డు కాదు, నిలిచిన నీటికే ఎక్కువ అడ్డు. పండగలకు, ప్రారంభోత్సవాలకు నడిపి తర్వాత ఆపేసే ఫౌంటెన్‌లో ప్రతి విరామమూ నాజిల్ మొనన ఒక పొర వేసి పోతుంది. నిత్యం నడిచేదానికన్నా అప్పుడప్పుడు నడిచేదే తొందరగా చస్తుంది. ఈ ఒక్క వాక్యం మన నగరాల్లో అలంకారపు ఫౌంటెన్లు పెట్టే ప్రతి టెండరు కాగితం మీదా ఉండాలని నాకు అనిపిస్తుంది.

నీటికి కటకట పడే ఊళ్ళో ఫవారా గురించి ఇంత బాధ దేనికని మరో ప్రశ్న. ఇది తోసిపుచ్చదగ్గ ప్రశ్న కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ వదలడని మురిసిపోయిన ఊరు, ఇప్పుడు కృష్ణా నీటినీ గోదావరి నీటినీ వంద కిలోమీటర్లకు పైగా దూరంనుంచి పంపుల మీద తెచ్చుకుంటోంది. అలాంటి నీటిని గాల్లోకి చిమ్మడం విలాసంగా తోచడం సహజం. రాజుల ఫవారాలు చాలావరకు విలాసమే కూడా. వెర్సాయ్‌లో 14వ లూయీ కోసం సీన్ నది మీద 1684లో పద్నాలుగు పెద్ద చక్రాలతో మార్లీ యంత్రం కట్టినా ఫౌంటెన్లన్నిటికీ ఒకేసారి నీరు చాలలేదు. రాజు వస్తున్నాడని పనివాళ్ళు ఒకరికొకరు ఈలవేసి చెప్పుకుని, ఆయన ముందు కొళాయి తెరిచి, ఆయన దాటగానే కట్టేసేవారు. గుల్జార్ హౌజ్‌ను ఆ లెక్కలో వేయడం అన్యాయం. అది అంతఃపురంలో లేదు, నాలుగు దారుల కూడలిలో ఉంది. గాజులకు వచ్చినవాళ్ళు, ముత్యాలకు వచ్చినవాళ్ళు, మూటలు మోసే హమాలీ, రొట్టెలమ్మే పిల్లవాడు, అందరి కళ్ళముందూ ఉంది. నీరు తిరిగి తిరిగి వాడే తొట్టికి రోజువారీ ఖర్చు ఆవిరైపోయే నీరు, గాలికి ఎగిరిపోయే తుంపర మాత్రమే. శుద్ధి చేసిన మురుగునీటిని మెత్తబరిచి వాడితే తాగునీటిలో చుక్క కూడా తగ్గదు. నీటి కొరత పేరు చెప్పి ఫవారాను ఆపడం సులువు. ఆ పేరుతో ఆపినదాన్ని శుభ్రం చేయడం కూడా ఆపేస్తాం, అసలు నష్టం అక్కడ.

ఇంతకూ ఆ నీటి దగ్గర ఉండాల్సిన మనిషి ఎవరు? పాత లోకం ఈ ప్రశ్నను ఎప్పుడూ మర్చిపోలేదు. క్రీ.శ. 97లో రోమ్ నగర జలాధికారిగా నియమితుడైన ఫ్రాంటినస్, తన అధీనంలో నీటి కాలువల సంరక్షణకు రెండు దండులున్నాయని, ప్రభుత్వానిది 240 మంది, చక్రవర్తిది 460 మంది అని లెక్క రాసిపెట్టాడు. ఏడు వందల మంది, కొత్తవి కట్టడానికి కాదు, ఉన్నవి పారేలా చూడటానికి. అంత దూరం పోనక్కర్లేదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం, భాస్కర భవదూరుడు కట్టించిన చెరువు గురించి చెబుతూ మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలంటుంది. గట్టి నేల, తీయటి నీటి నది, రాతి కట్ట, రాళ్ళ గని వంటివాటి సరసనే నీటిశాస్త్రం తెలిసిన పండితుణ్ణీ పనితెలిసిన మనుషుల దండునూ కూర్చోబెడుతుంది. మనుషులు చెరువు పక్కన నిలబడ్డవాళ్ళు కారు, చెరువులో భాగమే. మరమ్మతు చేసేవాడి కడుపు నిండటానికి దశబంధం ఇనాం భూములుండేవి. తెలంగాణ పల్లెల్లో తూము తెరిచి, కట్టి, మడిమడికీ నీరు పంచే నీరటి ఉండేవాడు. చెరువు ఎండినా అతని కొలువు ఎండేది కాదు. ఆ వ్యవస్థలో కులమూ వెట్టీ కలిసి ఉన్న సంగతి తెలిసిందే, దాన్ని యథాతథంగా తెచ్చుకోవాలని ఎవరూ అనరు. పోయిన చెడ్డతో పాటు ఒక మంచి కూడా పోయింది: ఫలానా నీరు ఫలానా మనిషి పని అన్న స్పష్టత. ఇప్పుడు చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖది, రోడ్డు నగరపాలక సంస్థది, నీళ్ళు వాటర్‌బోర్డువి, వాహనాలు ట్రాఫిక్ పోలీసులవి. ఇంతమంది మధ్య నాజిల్ ఎవరిది? ఫౌంటెన్ బాగుచేయడానికి నిధులు మంజూరవుతాయి; కొత్త పంపు, కొత్త దీపాలు, కొత్త రాళ్ళు వస్తాయి. రోజూ తెల్లవారుజామున వచ్చి జల్లెడ కడిగేవాడి జీతం మాత్రం ఆ మంజూరులో ఒక చిన్న పద్దుగా ఉండి, గుత్త ముగియగానే మాయమవుతుంది.

చౌమహల్లాకు వెళ్ళినవాళ్ళు కొలను చూసి, ఆ తర్వాత పసుపుపచ్చటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూస్తారు. 1912 నాటి ఆ కారు కాలంలో అద్దం మీదికి నీళ్ళు చిమ్మే ఏర్పాటు ఏ కారుకూ లేదు. అమెరికాలో ట్రికో అనే వైపర్ల కంపెనీ దాన్ని 1936లో తెచ్చింది. తర్వాత అది ప్రతి కారుకూ వచ్చి, ఎత్తైన తొట్టి, గొట్టం, సన్నటి నోరు అనే పాత అమరికను బానెట్ కిందికి కుదించింది. ఎత్తు చేసే పనిని చిన్న మోటారు చేస్తుంది. దాన్ని బాగుచేయడం తెలిసిన మెకానిక్ సూదితో మొదలుపెట్టడు, ఎందుకంటే సూది రంధ్రాన్ని వెడల్పు చేసి ధారను పక్కకు తిప్పేస్తుంది. ముందు ట్యాంకు ఖాళీ చేసి పాచి కడుగుతాడు, పంపు దగ్గరి చిన్న జల్లెడ చూస్తాడు, గొట్టం ఎక్కడైనా మడత పడిందేమో తడుముతాడు, నాజిల్ ఊడదీసి వెనిగర్‌లో నానబెట్టి వెనకనుంచి గాలి కొడతాడు, ఇకమీదట బోరునీళ్ళు పోయొద్దని, వారానికి రెండుసార్లయినా వాడమని చెబుతాడు. గుల్జార్ హౌజ్‌కూ ఈ వరసే పనికొస్తుంది, కాస్త పెద్ద కొలతలో. పంపుకు ముందు బీజాపూర్ గంజ్ లాంటి ఒక తేర్పుడు తొట్టి, మెత్తబరిచిన నీరు, వారానికోసారి హౌజ్ మొత్తం ఖాళీ చేసి కడగడం, నాజిళ్ళు రెండు జతలుంచుకుని ఒక జత నానుతుండగా రెండోది నడపడం, దుకాణాలు తెరిచే వేళనుంచి మూసే వేళ దాకా ప్రతిరోజూ ధార ఆపకుండా ఉంచడం. వీటిలో ఏదీ ఖరీదైన సాంకేతికం కాదు. వీటన్నిటికీ ఒక మనిషిని పేరుపెట్టి నియమించాలి, జీతాన్ని ఫౌంటెన్ కట్టిన పద్దులోనుంచి కాక ఏటేటా వచ్చే నిర్వహణ పద్దులోనుంచి ఇవ్వాలి, పంపుగది తాళం అతని దగ్గర ఉండాలి. చుట్టూ ఉన్న నగల దుకాణాల సంఘాలకూ లాడ్ బజార్ గాజుల వ్యాపారులకూ ఆ నిర్వహణలో భాగం, ఆ మనిషిని అడిగే హక్కు ఇస్తే, మసీదు హౌజ్‌కు నమాజీలు చేసే పనిని ఇక్కడ వాళ్ళు చేస్తారు: నీరు ఆగిన పూటే ఎందుకాగిందని అడుగుతారు.